నది ఒడ్డున గది

ఇంగ్లండులో డర్హమ్ పట్నం చుట్టుపక్కల బొగ్గుగని ఊళ్లలో మనిషిని పెంచడమంటే ముందు మొహమాటం నేర్పడం. కేకు ముక్క పెడితే "అబ్బే, ఇప్పుడే తిన్నా" అనాలి. రెండోసారి పెట్టినా వద్దనాలి. మూడోసారికి, పోరు పడలేక తీసుకున్నట్టు తీసుకోవాలి. ఇంత మర్యాద తెలిసిన జనానికి దక్కిందేమిటయ్యా అంటే, ఊపిరితిత్తుల నిండా బొగ్గు నుసి.

నెడ్ టిండల్ ఆ మర్యాదలోనే పెరిగాడు. తండ్రి గనిలోకి దిగాడు. కొడుకు కండక్టరుగా బస్సెక్కాడు. బస్సు రోజూ ఊళ్లన్నీ తిరిగి పాత వంతెన మీదుగా పట్నంలోకి పోయేది. వంతెన దాటే కాసేపూ నెడ్ టికెట్లు కొట్టడం మరిచిపోయేవాడు. కింద నది మీద పొగమంచు మీగడలా పేరుకుని ఉండేది. పైన పెద్ద చర్చి, పునాదులు లేనట్టు గాలిలో తేలుతుండేది. ఆ రెంటికీ నడుమ ఆస్విన్ కాలేజీ కిటికీలు. కిటికీకో దీపం, దాని కింద నీళ్లలో ఇంకో దీపం. ఆ గదుల్లో నిద్రపోయేవాళ్లకు ఒడ్డు ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియదేమో అనుకునేవాడు.

"ఏరా, చిల్లర ఇస్తావా, ఏట్లో దూకుతావా?" అని ముసలమ్మలు గద్దిస్తే గాని ఈ లోకంలోకి వచ్చేవాడు కాదు.

రాత్రి బడిలో చదివి పరీక్షలు గట్టెక్కాడు. ఇరవై నాలుగో ఏట విశ్వవిద్యాలయం అతనికి చరిత్ర చదవడానికి చోటిచ్చింది. అయితే అక్కడ చేరడమంటే పాఠాలు వినడం ఒక్కటే కాదు. ఉన్న కాలేజీల్లో ఏదో ఒకదానికి చెందాలి. తిండి, పడక, స్నేహాలు, పోట్లాటలు, మూడేళ్లూ అన్నీ అక్కడే. పాఠం అందరికీ ఒకటే. బతుకు మాత్రం ఏ కాలేజీది ఆ కాలేజీదే.

అడ్మిషన్ల ఆఫీసులో మిస్ లాంగ్‌స్టాఫ్ అనే ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని, "మీకు ఏ కాలేజీ కావాలి, మిస్టర్ టిండల్?" అంది.

గుండెలో నది పొంగింది. నోరు మాత్రం ఊరు నేర్పిన మాటే పలికింది. "ఏదైనా ఫర్వాలేదండీ. మీకేది వీలైతే అది."

మళ్లీ అడుగుతుందని చూశాడు. ఆవిడ అడగలేదు. "మంచిది. కొండ మీది కొత్త కాలేజీలో వేస్తాను" అని కరచాలనానికి చెయ్యి చాపింది.

ఇంటికొచ్చి చెబితే తల్లి పొయ్యిలో బొగ్గు ఎగదోస్తూ అడిగింది. "నువ్వు కోరుకున్నది అదేనా?"

"కాదమ్మా. ఆవిడ ఒక్కసారే అడిగింది."

"ఆ పెద్దింటివాళ్లు ఒక్కసారే అడుగుతార్రా పిచ్చి నాయనా. వాళ్లలో వాళ్లు మొదటిసారికే 'ఇటు పెట్టు' అంటారు. అందుకే అన్నీ వాళ్ల కంచాల్లో ఉన్నాయి. మీ నాన్నా నేనూ మూడోసారి కోసం చూస్తూ చూస్తూ ముసలాళ్లమైపోయాం."

మర్నాడు డ్రైవరు ర్యాల్ఫ్ సంగతంతా విని, వంతెన మధ్యలో బస్సు ఆపేశాడు.

"దిగరా."

"అన్నా, బస్సులో జనం..."

"జనం ఎక్కడికి పోతారు, నడిపేది నేనైతే? వెళ్లి నోరు తెరిచి అడిగిరా."

బుట్ట ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ మెడ సాచింది. "ఏమిటి, పిల్లనడగడానికా?"

"కాదమ్మా, గది అడగడానికి."

"గదికే ఇంత సిగ్గా! ఇక వీడికి పెళ్లయినట్టే."

బస్సంతా నవ్వింది. నెడ్ మెడలో టికెట్ల మిషను అలాగే వేలాడుతుండగా దిగి నడిచాడు. మంచులో రాతిమెట్లు కనబడటం లేదు. ఎవరి కలలోకో చెప్పకుండా జొరబడుతున్నట్టుంది.

"నాకు ఆస్విన్ కాలేజీ కావాలండీ" అన్నాడు. అవసరానికి మించి గట్టిగా వచ్చింది మాట.

మిస్ లాంగ్‌స్టాఫ్ తలెత్తింది. "నిన్న చెప్పలేదేం?"

"మీరు రెండోసారి అడగలేదండీ."

ఆవిడ అతన్ని పరదేశిని చూసినట్టు చూసింది. కాగితాలు తిరగేసింది. "నదివైపు గదులు అయిపోయాయి. వెనకాల, వంటింటి గోడకు ఎదురుగా ఒకటి మిగిలింది. చీకటి, చలి. కొండ మీదైతే కొత్త గది. వెచ్చగా ఉంటుంది, కిటికీ తీస్తే ఊరంతా కనబడుతుంది. ఆలోచించుకోండి."

కింద హారన్ మోగింది. పెద్దావిడను శ్రమపెట్టకు, ఇచ్చింది పుచ్చుకో అని లోపల పాత మర్యాద గొణిగింది.

"ఆ చీకటి గదే ఇవ్వండి" అన్నాడు నెడ్.

అక్టోబరులో తల్లి దుప్పటి పట్టుకుని చూడటానికొచ్చింది. గోడ మీద చెయ్యి ఆనించి ఉలిక్కిపడింది. "ఒరేయ్, గోడంతా చెమ్మరా! ఈ కొంప కోసమా బస్సు ఆపించావు?"

నెడ్ మంచం మీద కళ్లు అరమూసి పడుకుని ఉన్నాడు. అరచెయ్యి అతనూ గోడకే ఆనించాడు.

"చెమ్మ కాదమ్మా, నది."