తడపలేదండీ

మా మేనత్త ఎవరినీ 'అండీ' అనేది కాదు. మా గోదావరి జిల్లాలో అది చిన్న విషయం కాదు. ఇక్కడ తిట్టేటప్పుడు కూడా అండీ చేర్చి తిడతారు, ఔననాలన్నా వినయంగా 'ఆయ్' అంటారు. ఆవిడ మాత్రం కరెంటు బిల్లు తెచ్చినవాణ్ణీ, గుడి పూజారినీ, ఒకసారి ఇంటికొచ్చిన ఎమ్మార్వోనీ కూడా "ఏమయ్యా" అనే పిలిచింది. ఆ నోరే నాకూ వచ్చిందని మావాళ్ళంతా అంటారు. "నోరున్న పిల్లవే నువ్వు, బతికేస్తావు" అని ఆవిడే మెచ్చుకునేది. నేను లోలోపల మురిసిపోయేదాన్ని.

తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక, పిల్లల్లేని ఆవిడకి దగ్గరివాళ్ళంటే నేనే. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. నాకు అమలాపురంలో బడి ఉద్యోగం. ఐనవిల్లి వెళ్ళే దారిలో ఉన్న వృద్ధాశ్రమంలో చేర్చాను. తళతళలాడే గచ్చు, ఫినాయిలు వాసన, గోడకి టీవీ. "ఎంత శుభ్రంగా ఉంచుతారనుకున్నారు!" అని అడిగినవాళ్ళందరికీ గొప్పగా చెప్పాను కూడా.

ఆ ఆదివారం కొబ్బరిబొండాల నీళ్ళు సీసాలో పోయించుకుని వెళ్ళాను. ఆవిడకవంటే ప్రాణం. అత్త గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన కూర్చుందామని దుప్పటి అంచు పైకెత్తాను.

"తడపలేదండీ," అంది, అటు తిరిగే. "ఆయ్, తడపలేదండీ."

"అత్తా, నేను" అన్నాక మెల్లగా ఇటు తిరిగింది. పెదాలు ఎండి పొట్టు లేచిపోయి ఉన్నాయి. సీసా మూత తీసి ఇస్తే వద్దంది.

"ఇప్పుడు తాగితే మళ్ళీ పోవాలే. పొద్దున్నోసారి, సాయంత్రం ఓసారి బాత్రూముకి తీసుకెళ్తారు. మధ్యలో పిలిస్తే విసుక్కుంటారు. పక్క తడిస్తే ఇంక చెప్పక్కర్లేదు, అందరి ముందూ దులిపేస్తారు."

ఒళ్ళు మండిపోయింది. విసవిసా ఆఫీసు గదిలోకి వెళ్ళాను. మేనేజరుగారు లేచి నిలబడి కుర్చీ చూపించారు. "మనిషిని మంచినీళ్ళు కూడా తాగనివ్వరా?" అన్నాను. మేనేజరుగారు నొచ్చుకోలేదు, గొంతు పెంచలేదు.

"ఉన్నది ఇద్దరు ఆయాలేనండీ, ఎంతమందినని చూస్తారు? మీకు నచ్చకపోతే ఇంటికి తీసుకెళ్ళిపోండి, మేమేమీ అనుకోమండీ. సాయంత్రానికి బండి మాట్లాడమంటారా?"

మేడమీద మా రెండు గదులు కళ్ళముందు కనిపించాయి. పొద్దున్నే తాళం వేస్తే మళ్ళీ సాయంత్రం తీసే ఇల్లు. "అబ్బే, నా ఉద్దేశం అది కాదండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అయితే ఇక్కడే ఉంచమంటారా అండీ?"

"ఆయ్," అన్నాను.

తిరిగొచ్చేసరికి అత్త తలుపువైపే చూస్తోంది. "వాళ్ళతో ఏమన్నా తగువేసుకున్నావేంటే?" అంది గాభరాగా.

"లేదత్తా. మర్యాదగానే మాట్లాడేను."

"బతికించావు తల్లీ," అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బుద్ధిమంతురాలివి. ఆ సీసా కూడా బ్యాగులో పెట్టేసుకో, ఎవరన్నా చూస్తారు."

నా నోరు చూసి మెచ్చుకున్న మనిషి, ఆ నోరు మూసుకొచ్చినందుకు మెచ్చుకుంది. సిగ్గుతో ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. ఆవిడ చెప్పినట్టే మూత బిగించి, నిండు సీసా బ్యాగులో పెట్టుకున్నాను.