పైడమ్మప్ప గోడ

దెయ్యాలంటే నాకు భయం లేదు, ఒళ్ళుమంట. ఎవరైనా "మా మేనత్తకి ఓసారి కనపడిందట" అని మొదలెట్టారంటే, నీకు కనపడితే చెప్పమ్మా, లేకపోతే టీ తాగి వెళ్ళు అనేసేదాన్ని. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. మా అత్తగారు మాత్రం ఆదివారం ప్రార్థనకి వెళ్తూ దారిలో నిమ్మకాయ తొక్కితే వెనక్కి వచ్చి కాళ్ళు కడుక్కునే మనిషి. ఆవిణ్ణి ఎంత వెక్కిరించేదాన్నో! అలాంటి నేనే ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి. ఇంకొకరు రాస్తే నేనూ నవ్వేదాన్నే.

మా ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్, బండ్లకి పట్టాలు మార్చే పని. అప్పట్లో బస్తర్‌లో, కిరండూల్ లైను మీద, బచేలీకి ఇవతల చిన్న స్టేషన్‌లో ఉండేవాళ్ళం. గనుల్లోంచి ఇనప రాయి నింపుకున్న గూడ్సులు రాత్రనక పగలనక విశాఖపట్నం వైపు దిగుతూనే ఉంటాయి. బండి వెళ్తే వంటింట్లో గిన్నెలు కదులుతాయి. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఎర్రచీర అవుతుంది. రైల్వే క్వార్టర్స్‌లో సగంమంది శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళే కాబట్టి పరాయిచోట ఉన్నట్టు ఉండేది కాదు.

మా పక్క క్వార్టర్ పైడమ్మప్పది. వరసలో అదే ఆఖరిది. దానికి అవతల ఓ జామచెట్టు, ముళ్ళకంచె, ఆ తర్వాత అడవి. ఇంకో ఇల్లు లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆమె భర్త సింహాచలం బావ గ్యాంగ్‌లో పట్టాల పని చేసేవాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. మా పార్వతీపురం వైపువాళ్ళే కాబట్టి అప్పా, బావా అని పిలిచేదాన్ని, మావైపు అప్ప అంటే అక్క. మా రెండిళ్ళకీ మధ్య ఒంటి ఇటుక గోడ. ఆమె పోపు వేస్తే నేను తుమ్మేదాన్ని.

వాళ్ళకి ఒక్కడే కొడుకు. ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. అందుకని వీడు పుట్టగానే చేటలో తవుడు పోసి దానిమీద పడుకోబెట్టి, పక్కింటావిడకి ఇచ్చేసి, మళ్ళీ గుప్పెడు తవుడుకి కొనుక్కుని తెచ్చుకున్నారు. తవుడు అనే పేరు పెట్టారు. అలా చేస్తే బిడ్డ దక్కుతాడని మావైపు నమ్మకం. వాడు దక్కాడు కానీ ఆ పేరంటే వాడికి చచ్చేంత సిగ్గు. బడిలో తేజ అని రాయించుకున్నాడు. తండ్రి కూడా తేజా అనే పిలిచేవాడు. మొత్తం కాలనీలో తవుడూ అని పిలిచేది పైడమ్మప్ప ఒక్కతే.

తేజ ఐటీఐ చదివాడు. గనుల్లో ఉద్యోగం వస్తుందని చాలా ఆశపడ్డాడు. రాలేదు. ఓ పొద్దున్న సంచి భుజాన వేసుకుని, పని వెతుక్కుంటానని పాసింజరు ఎక్కేశాడు. ఒక్కసారి ఫోన్ చేసి, పర్మనెంటు ఉద్యోగం వచ్చేదాకా మొహం చూపించనని చెప్పాడట. తర్వాత ఆ నంబరు మోగలేదు. సింహాచలం బావ థానాలో, అదే పోలీసు స్టేషన్‌లో, రిపోర్టు ఇచ్చాడు. ఫోటో పట్టుకుని రాయపూర్, భిలాయి తిరిగొచ్చాడు. థానాలో ఎప్పుడు అడిగినా 'దేఖ్ రహే హైఁ', చూస్తున్నాం అనేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే టీవీలో ఆ హిందీ క్రైమ్ సీరియల్ మొదలైంది. ఓ కాలేజీ కుర్రాడు మాయమైపోతాడు. ఓ లేడీ ఇన్‌స్పెక్టర్ వాడికోసం వెతుకుతూ ఉంటుంది. తల్లి రోజూ గుమ్మంలో కూర్చుంటుంది. కథ అంతే. కానీ మా కాలనీ ఆడవాళ్ళం ఆ వేళకి పొయ్యి మీద పాలు పొంగినా లేచేవాళ్ళం కాదు. అందరిదీ ఒక ఎత్తు, పైడమ్మప్పది ఒక ఎత్తు.

"మేరమ్మా, ఆ గుంటడు ఇల్లు జేరితే మావోడూ జేరతాడు. నాను మనసులో అనీసుకున్నాను" అంది నాతో ఓ రోజు కొళాయి దగ్గర.

నాకు కోపం వచ్చేసింది. "బాగుందప్పా! బొంబాయిలో ఎవడో కూర్చుని రాసేదానికీ మనవాడికీ ఏమిటి సంబంధం? వాడికి బుద్ధి పుడితే బతికిస్తాడు, లేకపోతే చంపేస్తాడు. అలా అనుకోకు" అని కసిరాను.

"థానావోలు ఎతకరు. ఆ ఇన్‌స్పెక్టరమ్మయినా ఎతుకుతంది కదా" అంది. బిందె ఎత్తుకుని వచ్చేశాను.

ఇక్కడ ఓ సంగతి చెప్పాలి. పైడమ్మప్ప ఇంట్లో కేబుల్ టీవీ. మేము తెలుగు చానళ్ళ కోసం డిష్ పెట్టించుకున్నాం. డిష్‌లో బొమ్మ రెండు మూడు క్షణాలు ఆలస్యంగా వస్తుంది. క్రికెట్ చూసేవాళ్ళకి ఇది బాగా తెలుసు, పక్కింటివాళ్ళు అరిచాక మనింట్లో వికెట్ పడుతుంది. సీరియల్ కూడా అంతే. పైడమ్మప్ప ఊరికే చూసే మనిషి కాదు. తిట్టేది, ఏడ్చేది, దొంగవెధవ కనపడితే అరచేత్తో గోడ మీద దబదబా బాదేది. అదంతా ముందు గోడలోంచి నాకు వినపడేది, ఆ తర్వాత నా టీవీలో జరిగేది. ఆమె ముక్కు చీదిందంటే నేను కొంగు సిద్ధం చేసుకునేదాన్ని. "కథ ముందే చెప్పేస్తున్నావప్పా" అని నేను ఇటునుంచి అరిస్తే, అటునుంచి పకపకా నవ్వేది. రెండేళ్ళు అలాగే చూశాం. ఆ గోడ చెప్పింది ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ వానాకాలం పైడమ్మప్పకి జ్వరం వచ్చింది. మలేరియా మాకు కొత్తేం కాదు, మాత్రలు మింగి లేచి పనులు చేసుకుంటాం. ఈసారి తలకెక్కింది. ఆసుపత్రిలో నేను పక్కన కూర్చున్నప్పుడు కాసేపు తెలివొచ్చి నా చెయ్యి పట్టుకుంది. మాట సరిగ్గా రావట్లేదు. అయినా సీరియల్ గురించే అడిగింది. "ఆకరికి ఏటయిందో నాకు సెప్పాల మేరమ్మా." చెప్తాను అప్పా, అన్నాను. నువ్వే చూస్తావులే అనడానికి నోరు రాలేదు. మర్నాడు పోయింది.

సింహాచలం బావ ఆ టీవీని చూడలేకపోయాడు. కేబుల్ వైరు పీకించేసి, టీవీని గ్యాంగ్‌వాళ్ళ షెడ్డుకి ఇచ్చేశాడు. తర్వాత మిగతా కార్యక్రమాల కోసం ఊరెళ్తూ ఇంటికి తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "తేజ వస్తే తలుపు తియ్యమ్మా" అన్నాడు.

ఆయన ఊళ్ళో ఉండగానే ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. సీజన్ ఫినాలే అని వారం నుంచీ ఊదరగొట్టేశారు. దీపాలు పెట్టే వేళ. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. ఇంట్లో నేనూ, మా అత్తగారూ. ఆవిడకి అప్పటికే మతిమరుపు బాగా ముదిరింది. పొద్దున్న తిన్నది సాయంత్రానికి గుర్తుండేది కాదు. వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వాన లేదు, గాలి లేదు, గూడ్సు కూడా లేదు.

మాట ఇచ్చాను కాబట్టి ఒక్క ముక్క వదలకుండా చూస్తున్నాను. టీవీలో తల్లి ఇంటి తలుపు ఎవరో కొట్టారు. ఆవిడ లేచి గుమ్మం వైపు వెళ్తోంది. ప్రభువా, బతికే ఉండాలి, బతికే ఉండాలి అనుకుంటున్నాను.

అప్పుడు గోడలోంచి వినపడింది.

"ఒరే తవుడూ! ఒచ్చీసినావేట్రా నాయినా! రారా, నోపలికి రా!"

ఆ వెంటనే అరచేత్తో గోడ మీద దబదబా. అదే గొంతు. కానీ అంత సంతోషం ఆ గొంతులో నేనెప్పుడూ వినలేదు. నవ్వుతోందో ఏడుస్తోందో తెలీడం లేదు.

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు భయం వెయ్యలేదు. రెండేళ్ళ అలవాటు. అమ్మయ్య, కుర్రాడు వచ్చేశాడు అనుకుని, నవ్వు మొహంతో టీవీ వైపు తిరిగాను. నా టీవీలో తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ ఒక్కతే నిలబడి ఉంది. టోపీ తీసేసింది. చేతిలో ఆ కుర్రాడి కాలేజీ సంచి ఉంది. తల్లి ఆ సంచి లాక్కుని అక్కడే కూలబడిపోయింది.

అదేమిటి, గోడ అలా చెప్పింది కదా అనుకున్నాను. అప్పుడు తెలిసొచ్చింది నాకు. పైడమ్మప్ప లేదు. ఆ ఇంట్లో టీవీ లేదు. సీరియల్లో తవుడు అనే పేరుగలవాడు ఎవడూ లేడు.

వంటింటి గుమ్మంలోంచి మా అత్తగారు చిక్కుడుకాయలు పక్కన పెట్టి, "ఏటే, పైడమ్మ కొడుకు ఒచ్చీసినట్టున్నాడు. ఎలా మురిసిపోతందో సూడు. ఎల్లి పలకరించిరా" అంది. పైడమ్మప్ప పోయిందన్న సంగతే ఆవిడకి గుర్తులేదు. అందుకే ఆవిడ సాక్ష్యాన్ని నేను కాదనలేను. నాకొక్కదానికే వినపడి ఉంటే నా బుర్ర చెడిందని సరిపెట్టుకునేదాన్ని.

తాళంచెవి తీసుకుని పరుగెత్తాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. అయినా తలుపు తీశాను, ఒకవేళ తేజ వెనకనుంచి వచ్చాడేమో అన్న ఆశ ఒకటి. లైటు వేస్తే ఖాళీ గది. టీవీ బల్ల మీద ఎర్రదుమ్ము. ఆమె కూర్చునే పీట గోడ పక్కనే ఉంది, దానిమీదా దుమ్మే. నేల మీద దుమ్ములో నా పాదాల గుర్తులు తప్ప ఇంకెవరివీ లేవు. పెరటి గడియ లోపలినుంచి వేసే ఉంది. అంతా చూశాక అక్కడే నిలబడి, "అప్పా, ఆఖరికి ఏమైందంటే" అన్నాను. అంతకుమించి చెప్పలేకపోయాను. ఆ కుర్రాడు చచ్చిపోయాడని ఆ గోడకి ఏ నోటితో చెప్పను? ఏడుస్తూ తాళం వేసి వచ్చేశాను.

ఇంటికొచ్చి చూస్తే, టీవీ పక్కన మా వైపు గోడ కింద సున్నం పెచ్చులు రాలి ఉన్నాయి. పొద్దున్న నేనే ఊడ్చాను.

మర్నాడు కొళాయి దగ్గర ఒకటే గొడవ. అలా ఎలా చంపేస్తారని ఒకావిడ, రెండో సీజన్‌లో మళ్ళీ తెస్తారులే అని ఇంకొకావిడ. చేతులు నరకాలి రాసినవాడివి అని ఓ ముసలమ్మ. మామూలుగా అయితే అందరికన్నా నా నోరే పెద్దది. ఆ రోజు బిందె నింపుకుని వచ్చేశాను.

సింహాచలం బావ తిరిగొచ్చాడు. మనిషి సగమైపోయాడు. గుండు చూసి, భార్య కోసం చేయించుకున్నదే అనుకున్నాను. మా వరండాలో కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగాడు. తర్వాత చెప్పాడు.

తేజ ఒరిస్సాలో ఎక్కడో ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనిలో ఉన్నాడట. పైనుంచి పడిపోయాడు. ఆసుపత్రిలో చేర్చాక జేబులో పాత ఐటీఐ కార్డు దొరికింది. దాని మీది చిరునామా పట్టుకుని ఇక్కడి థానాకి ఫోన్ చేశారు. ఆ కబురు ఊళ్ళో బావకి అంది, ఆయన బయల్దేరి అక్కడికి చేరేసరికి అంతా అయిపోయింది. అక్కడే దహనం చేసి వచ్చాడు.

"ఏ వేళకి పోయాడు బావా?" అని అడిగాను. అడగకూడదని తెలుసు. ఆగలేకపోయాను.

"దీపాలు పెట్టే వేళట. వార్డులో టీవీ ఉందమ్మా. మీరు చూసేవారే, ఆ సీరియల్ ఆకరి ముక్క వస్తంటే నర్సమ్మలూ, రోగులూ అందరూ అటే చూస్తన్నారట. ఎవరి కళ్ళల్లో చూసినా నీళ్ళేనట. తిరిగి చూసేసరికి మావోడు లేడు. పోయేటప్పుడు వాడికేసి చూసినోళ్ళు ఒక్కరూ లేరు తల్లీ" అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

చెప్పాలా వద్దా అని చాలాసేపు కొట్టుకున్నాను. ఎవరూ చూడలేదన్న ఆ ఒక్క మాటే ఆయన్ని తినేస్తోందని కనపడుతూనే ఉంది. చివరికి చెప్పేశాను. ఆ వేళకి గోడలోంచి ఏం వినపడిందో, ఏ పేరుతో పిలిచిందో, మా అత్తగారు ఏమందో, అన్నీ చెప్పాను. అందరూ టీవీ చూస్తుంటే అప్ప మాత్రం కొడుకునే చూసింది బావా, అన్నాను.

ఆయన నన్ను పిచ్చిదానివి అనలేదు. "కోపంగా పిలిచిందా?" అని అడిగాడు.

"లేదు బావా. ఎంత సంతోషంగానో పిలిచింది."

తల ఊపాడు. "అయితే ఆలిద్దరూ కలిసిపోనారు. మరి నన్నొగ్గీసినారేటమ్మా?" అన్నాడు.

లోపలికి వెళ్ళి అన్నం పెట్టుకొచ్చాను. తినలేదు.

తర్వాత మా పాస్టరు గారిని అడిగితే ప్రార్థన చేసుకోమన్నారు. మా ఆయన, నీకు ఆ రోజు మనసు బాగాలేదన్నారు. సున్నం పెచ్చులు చెమ్మకి రాలాయన్నారు. రాలి ఉండొచ్చు. మా అత్తగారి సంగతి అడిగితే మాత్రం ఎవరూ మాట్లాడరు.

మాకు ట్రాన్స్‌ఫర్ వచ్చేదాకా ఇంకో ఏడాది ఆ క్వార్టర్‌లోనే ఉన్నాం. సింహాచలం బావ రోజూ డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, దీపాలు పెట్టే వేళకి ఆ పీట మీద కూర్చుని గోడకి చెవి ఆనించేవాడు. తలుపు తీసే ఉంచేవాడు కాబట్టి పెరట్లోకి వెళ్తూ వస్తూ చూసేదాన్ని. ఆ వేళకి ఇటుపక్క నేను టీవీ ఆపేసేదాన్ని. కుక్కర్ కూతపెట్టకుండా పొయ్యి తగ్గించేసేదాన్ని. మా అత్తగారిని కూడా మాట్లాడనిచ్చేదాన్ని కాదు.

ఏడాదిలో ఆయనకి ఒక్కసారి కూడా ఏమీ వినపడలేదు. పరాయిదాన్ని, నమ్మకం లేనిదాన్ని, నాకెందుకు వినపడిందో, ఆయనకెందుకు వినపడలేదో నాకు ఇప్పటికీ తెలీదు.