తోమకుండా మెరిసిన రాగి బిందె

ఈ ప్రయాణం సంగతి అప్పుడే రాయాల్సింది. కానీ అప్పటికి నాకు కూడబలుక్కుని చదవడం వరకే వచ్చు, రాయడం చేతకాదు. మనవరాలు తనూజ స్కూలు పుస్తకాలే నా బడి. ఒక వాక్యం మొదలుపెట్టి చివరిదాకా రాయగలిగేసరికి ఏడాది పట్టింది. ఆ రోజు చూసినది మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

మా అక్క మాణిక్యం రాజోలు దాటాక సముద్రం వైపున్న పల్లెలో ఉంటుంది. బావగారు పోయాక ఒక్కతే. పొద్దున్న లేవగానే కడుపులో తిప్పుతోందనీ, అన్నం సయించడం లేదనీ ఫోనులో చెప్పింది. ఊళ్లో వైద్యుడు గ్యాసని బిళ్లలిచ్చాడట. చూసి వద్దామని బయల్దేరాను.

కొత్తపేటలో ఆరు గంటలకు అమలాపురం బస్సు ఉంది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోరు గానీ టిక్కెట్టు కొట్టి ఇస్తారు. దిగేదాకా పారేయకండి. అమలాపురం బస్టాండు బయట వేడి ఇడ్లీ తిని రాజోలు బస్సెక్కాను. ఎడమ వైపు సీటు చూసుకుంటే బోడసకుర్రు వంతెన మీద వైనతేయ గోదావరి గాలి మొహానికి కొడుతుంది.

పక్కన తమలపాకుల బుట్టతో ఒకామె కూర్చుంది. ఎక్కడికని అడిగితే ఊరు పేరు చెప్పాను.

"ఆ పొగగొట్టం ఊరాండీ? మా ఆడపడుచుని అక్కడే ఇచ్చేమండీ. వానొస్తే ముందు పిల్లల్ని కాదండీ, బట్టల్ని లోపలికి లాగుతారు," అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

రాజోలులో షేర్ ఆటో పట్టుకున్నాను. దారి పొడవునా రొయ్యల చెరువులే. ఊరి మొదట్లో రొయ్యల మేత ఫ్యాక్టరీ, దాని గొట్టంలోంచి బొగ్గు పొగ. అగ్గిపుల్ల గీసినప్పటి వాసన గొంతుకు పట్టుకుంది.

అక్క గుమ్మంలోనే ఉంది. "నేను పోయేననుకుని పరిగెట్టుకొచ్చేవా ఏంటే చిట్టీ?" అంది. మనిషి సగమైపోయింది. పెరట్లో ఆనపపాదు ఆకుల నిండా గోధుమరంగు మచ్చలు. సున్నం వేసిన పిట్టగోడ మీద చెయ్యి ఆనిస్తే పొడిపొడిగా రాలింది.

ఆ ఊళ్లో ఒక పద్ధతుంది. బావినీళ్లు ఉప్పన, చెరువులు తవ్వాక మరీను. అందుకని నాలుగు రాటలు పాతి, ఉతికిన నూలుచీర కట్టి, మధ్యలో గులకరాయి వేసి, కింద బిందె పెడతారు. మొదటి వాన దుమ్మని వదిలేసి, తర్వాతి వానలు పట్టుకుని తాగుతారు. అక్కది మా అమ్మ ఇచ్చిన రాగి బిందె. పరగడుపున రాగిలో నిలవున్న నీళ్లు తాగితే ఒంటికి మంచిదని రోజూ రెండు గ్లాసులు తాగుతుంది.

మూత తీసి చూపించింది. లోపల అప్పుడే కొన్నట్టు తళతళలాడుతోంది.

"చింతపండేసి తోమి ఎన్నాళ్లయిందనుకున్నావు? వాన నీళ్ల మహిమే ఇది," అంది.

నేనూ మురిసిపోయాను. మా ఇంట్లో రాగి చెంబు నాలుగు రోజులు తోమకపోతే నల్లబడుతుంది.

భోజనాలయ్యాక వాన పడింది. వెలిశాక, సాయంత్రం పెట్టే దీపానికి పూలు కోద్దామని కంచె దగ్గరికి వెళ్లాను. నీలం శంఖుపూల మీద చినుకు పడిన చోటల్లా గులాబీ చుక్కలు. ఏదో తెగులని అక్క తేల్చేసింది. నేను ఒక పువ్వు కోసి దగ్గరగా చూశాను.

వేసవిలో తనూజ శంఖుపూలు నానేసిన నీలం నీళ్లలో నిమ్మకాయ పిండి, ఊదారంగులోకి మార్చి చూపించేది. పొగ కలిసి వాన పులుస్తుందనీ, పాలరాతి కట్టడాల్ని కూడా తినేస్తుందనీ ఆమ్ల వర్షం పాఠం చదివి వినిపించేది. అదేదో దూరదేశాల సంగతనుకున్నాను.

విచ్చని మొగ్గలు కోసి వేడినీళ్లలో నానేశాను. ఆ నీలాన్ని రెండు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసి, ఒకదాంట్లో అక్క వంటకని నీళ్ల బండి దగ్గర కొన్న టిన్ను నీళ్లు, ఒకదాంట్లో అప్పుడే పట్టిన వాన నీళ్లు కలిపాను. టిన్ను నీళ్లు నీలంగానే ఉన్నాయి. వాన నీళ్లు ఊదారంగుకు తిరిగాయి.

"నిమ్మకాయ పిండేవా?" అంది అక్క.

"పిండలేదక్కా."

బిందె వైపు చూశాను. చింతపండు చేసే పని ఆ నీళ్లే చేస్తున్నాయి. లోపల కరిగిన రాగి రోజూ ఎవరి కడుపులోకి పోతోందో ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. అక్క మంచం మీద కూలబడింది.

"దేవుడి నీళ్లనుకుని పరగడుపున తాగేనే," అంది. అంతలోనే, "మరిప్పుడేం తాగమంటావు? బావి ఉప్పు. నీళ్ల బండి ఎప్పుడొస్తుందో దానికే తెలీదు," అంది.

టిన్ను ఎత్తి చూశాను. టిన్నులో ఉన్నవి ఆ రాత్రికి సరిపోతాయి. బిందెలో నీళ్లు పారబోసి, పొద్దున్నే మళ్లీ వస్తానని చెప్పి, నాలుగు గంటల ఆటోకి బయల్దేరాను.

తిరుగు బస్సులో మళ్లీ వాన. కిటికీలోంచి చెయ్యి చాచి చినుకులు పట్టడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. చాచిన చెయ్యి లోపలికి లాక్కున్నాను. కోనసీమలో పుట్టి వానకు భయపడతానని ఏనాడూ అనుకోలేదు.

మర్నాడు పొద్దున్న మా వీధి కుళాయి నీళ్లు రెండు టిన్నుల్లో పట్టుకుని అదే ఆరు గంటల బస్సెక్కాను. అక్కను రాజోలు ఆసుపత్రిలో చూపించాలి, డాక్టరుకు చూపించడానికి బిందెనూ వెంట తీసుకెళ్లాలి. నిన్నటి కండక్టరే ఉన్నాడు. టిన్నులు చూసి నెయ్యా అని అడిగాడు.

"నీళ్లండీ," అన్నాను.

"కోనసీమలో నీళ్లు మోసుకెళ్తున్నారేంటండీ?"

టిక్కెట్టు తీసుకుని, టిన్నులు రెండూ కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను.