బల్లలు, తొట్టి, చాపలు

నంద్యాలలో మా వీధిలో ఎవరో ఇంటికి బేతంచెర్ల బండలు పరుస్తున్నారు. కోసిన బండ మీద నీళ్ళు పడినప్పుడు వచ్చే ఆ సున్నపు వాసనకు ఉన్నచోటే ఆగిపోయాను. ఆళ్లగడ్డలో మా పాత గుడి నేల కడిగినప్పుడు ఇదే వాసన వచ్చేది. కడిగేది సుగుణమ్మ టీచరు. మా పక్కింటావిడ, నాకు అక్షరాలు దిద్దించిన మనిషి.

మేము గుడి అనే ఆ చిన్న చర్చి దొరల కాలంలో కట్టింది. మొదట బల్లల మీద కూర్చుని, పుస్తకం చూసి ప్రార్థన చేసేవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళు రోడ్డు మీద పెద్ద చర్చి కట్టుకుని వెళ్ళిపోతే, నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు వచ్చి నేల తవ్వి తొట్టి కట్టారు. వాళ్ళలో వాళ్ళకు పడక చెదిరిపోయాక, చాపలు పరిచి చప్పట్లు కొట్టి పాడేవాళ్ళు దిగారు. తొట్టిని మాత్రం వాళ్ళూ వదల్లేదు. వచ్చిన ప్రతివాళ్ళూ ముందున్నవాళ్ళకు ఏమీ తెలియదనే అన్నారు. టీచరు మాత్రం అందరితోనూ ఉంది. "ఏంది టీచర్, ఎవురొస్తే వాళ్ళ పక్కనా?" అని నేను ఆట పట్టిస్తే, "నేను గుడికి పోతాండా పాపా. ఆడ ఎవురుంటే వాళ్ళతో కూచుంటా" అనేది.

మా నాయన బల్లల కాలం మనిషి. పసితనంలో నుదుట నాలుగు నీటి చుక్కలు చల్లించుకున్న బాప్తిస్మం ఆయనది. తన పెళ్ళి జరిగిన ఆ గుడిలోంచే తనను సమాధికి తీసుకుపొమ్మని చివరి రోజుల్లో ఒకటే కోరిక. ఆయన పోయాక శవపెట్టెతో గుడి వాకిటికి వెళ్ళాం. కొత్తగా వచ్చిన పాస్టరయ్య చెడ్డవాడు కాడు, నియమం మనిషి. "ఆయన మునిగి బాప్తిస్మం తీసుకోలేదు గదమ్మా. లోపలికి కుదరదు. ఈడనే ప్రార్థన చేస్తా" అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

టీచరు ముందుకొచ్చింది. ఏళ్ళ తరబడి అక్కడ ఆదివారం బడి నడుపుతున్న మనిషి, పాస్టరయ్య పిల్లలకూ వాక్యాలు నేర్పుతున్న మనిషి.

"అయ్యా, నేను గూడా మునగలేదు" అంది.

"ఏందీ, టీచరమ్మా?"

"మీరు అడగలేదు, నేను చెప్పలేదు. ఆయప్పకు లోపల చోటు లేదంటే నాకూ లేదు. ఇదో, గుడి తాళంచెవి తీసుకోండి."

చెయ్యి చాచి నిలబడింది. ఆ గుడి తప్ప ఆవిడకు ఇంకెవరూ లేరని ఊళ్ళో అందరికీ తెలుసు. పాస్టరయ్య తాళంచెవి తీసుకోలేదు. లోపలివాళ్ళ వైపు తిరిగి, "చాపలు చుట్టండప్పా, పెట్టెను లోపలికి రానీండి" అన్నాడు.

అమ్మ బతికినన్నాళ్ళూ టీచరు పేరు తలుచుకునే ముద్ద నోట పెట్టుకుంది. నాకూ ఆ మేలు మరుపు రాదు. టీచరు ఇప్పుడు లేదు. నేను ఇక్కడ ఆడపిల్లల హాస్టలు చూసుకుంటున్నాను. నియమం పేరుతో ఎవరినైనా గుమ్మం బయట నిలబెట్టాల్సి వచ్చినప్పుడల్లా, ముందుగా నేనే ఆ నియమానికి సరిపోతానా అని చూసుకుంటాను. చాలాసార్లు సరిపోను. తలుపు తీస్తాను.