కిటికీ బయట పెద్దమ్మ

పెద్దమ్మను తలుచుకుంటే గడపకు అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్న మనిషే కనబడుతుంది. పెద్దనాయన బెంగళూరులో లివర్ మార్పిడి చేయించుకుని వచ్చి, అనంతపురంలో మా ముందుగదిలో ఉన్నాడు. కొత్త లివర్ నిలవడానికి ఇచ్చే మందుల వల్ల ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి తగ్గుతుందని, చిన్న దగ్గు సోకినా ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్లు చెప్పారు.

గార్లదిన్నె నుంచి చుట్టాలు వచ్చేవాళ్ళు. మావైపు రోగి చెయ్యి పట్టుకోకపోతే పలకరించినట్టు కాదు. పెద్దమ్మ ఎవరినీ గడప దాటనిచ్చేది కాదు.

"ఏమొదినా, మేమేమన్నా పరాయోళ్ళమా?" అని ఆమె మరిది కోప్పడ్డాడు.

"మీరు మనోళ్ళేనప్పా. మీ దగ్గే మనది కాదు."

ఒకరోజు ఆమెకే జలుబు చేసింది. మందులు ఇచ్చే పని మా అమ్మకు అప్పగించి, తాను వరండాలో కిటికీ బయట కూర్చుంది.

"ఏమే, ఈడికొచ్చి కొంచేపు కూసో," అని పెద్దనాయన పిలిచాడు.

"రాను. జలుబు చేసిండాది."

"నీ జలుబుకు నేను సావనులే, రా."

"తగ్గినాంక వస్తా. యాడికి పోతావు నువ్వు?" అని నవ్వింది.

ఆ సాయంత్రమే ఆయనకు జ్వరం వచ్చింది. ఎలా సోకిందో ఎవరికీ తెలియలేదు. బెంగళూరుకు తీసుకుపోయాం. ఐసీయూలోకి ఆమెను రానివ్వలేదు. ఆయన మళ్ళీ కళ్ళు తెరవలేదు.

దినాలయ్యాక పెద్దమ్మ నన్ను అడిగింది. "సదువుకున్నదానివి, చెప్పు పాపా. ఆ పొద్దు నేను పోయి కూసోనింటే ఏమయ్యేది?"

"నువ్వు మంచిపనే చేసినావు పెద్దమ్మా," అన్నాను.

"మంచీ సెడ్డా కాదు పాపా. మీ పెద్దనాయన పిలిచినాడు," అంది.