గడ్డకట్టిన వలిసె తేనె

2008లో అరకులోయ బస్టాండు ఎదురుగా నాకు నాలుగు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. కరెంటు ఉంటే నెట్ ఉండదు, నెట్ ఉంటే కరెంటు ఉండదు. పరీక్షా ఫలితాలకు వచ్చే జనంతో ఇల్లు గడవక, ఒక షాపింగ్ సైట్లో కొండ తేనె అమ్మడం మొదలుపెట్టాను. సరుకు ఫొటో, ధర, వివరం పెట్టడాన్ని లిస్టింగ్ అంటారు. కొన్నవాళ్లు దాని కింద రాసే మంచీచెడూ ఫీడ్‌బ్యాక్. కొనేవాళ్లు మన ముఖం చూడరు, సరుకు రుచి చూడరు. ఆ నాలుగు మాటలే వాళ్లకు ఆధారం.

తేనె తెచ్చేది దొయిమతి. లోయ చివర ఊళ్లో, పసుపు పూలు పూసే వలిసె నూనెగింజల చేల పక్కన తేనెటీగల పెట్టెలు పెట్టుకుంది. సంతలో కంటే నా దగ్గర ఆమెకు మంచి ధర వచ్చేది.

ఆ డిసెంబరులో హైదరాబాదు నుంచి ఒక సీసా రిటర్న్ వచ్చింది. అంటే కొన్నాయన వెనక్కి పంపేశాడు. ‘అడుగున పంచదార. పచ్చి మోసం’ అని ఫీడ్‌బ్యాక్ రాశాడు. ఇంకో ఫిర్యాదు వస్తే లిస్టింగ్ తీసేస్తామని సైటు వాళ్ల మెయిల్. సీసా ఎత్తి చూశాను. అడుగున తెల్లగా, రవ్వలా పేరుకుని ఉంది. నేను విశాఖ నుంచి వచ్చినవాణ్ణి. తేనె అమ్మడమే తప్ప దాని సంగతి నాకేమీ తెలియదు.

శుక్రవారం సంతకు వచ్చిన దొయిమతి లోపలికి అడుగు పెట్టగానే, పదిమంది ముందు సీసా బల్ల మీద పెట్టాను.

“పంచదార ఎంత కలిపావు?”

ఆమె సీసాను చూసింది, నన్ను చూసింది. “నాను కలిపినానా? మా ఇంట్లో టీలోకే బెల్లం ఏసుకుంటాం బాబూ.”

“మరి ఇదేమిటి?”

“వలిసె తేనె సలికి ఇలాగే గడ్డకడతాది. ఏటైనాదని అడగనేదు నువ్వు. దొంగని సేసేసినావు.”

మర్నాడు పొద్దున్నే ఆమె ఊరు వెళ్లాను. దొయిమతి పెట్టె తెరిచి తేనెపట్టు ఒకటి పైకి తీసింది. గోటితో మైనం మూత గీకింది. గదుల్లోనే తేనె రవ్వకట్టి ఉంది.

“మూతేసిన గదిలో పంచదార నానెలాగ పెడతాను, సెప్పు?”

ఫొటోలు తీసి, సంగతంతా రాసి హైదరాబాదు ఆయనకు పంపాను. నాలుగు రోజులకు ఆయన ఫీడ్‌బ్యాక్ మార్చాడు. తొందరపడ్డాను, క్షమించండి అని రాసి మరో రెండు సీసాలు అడిగాడు. చలికి తేనె గడ్డకడుతుందని, వేడినీళ్లలో సీసా ఉంచితే కరుగుతుందని లిస్టింగ్‌లో చేర్చాను. మళ్లీ ఆ ఫిర్యాదు రాలేదు.

తర్వాతి శుక్రవారం సంతలో దొయిమతిని వెతుక్కుంటూ వెళ్లి ఆర్డర్ సంగతి చెప్పాను. తప్పయిపోయిందన్నాను.

“కోపం నేదు బాబూ. ఇక్కడే అమ్ముకుంటాను. ఇక్కడోళ్లు తక్కువిచ్చినా రుసి సూసి పట్టుకెళ్తారు. మాటనరు.”

స్టాకు లేదని హైదరాబాదు ఆర్డర్ రద్దు చేశాను.

ఈ వ్యాపారంలో నమ్మకమంటే కొనేవాళ్లదే అనుకునేవాణ్ణి. దానికోసం ఎన్ని ఫొటోలు, ఎన్ని మెయిళ్లు! ఎవరని తెలియని మనిషి నాలుగు రోజుల్లో నన్ను నమ్మాడు. ఎదురుగా నిలబడ్డ మనిషిని నేను నాలుగు నిమిషాలు నమ్మలేకపోయాను. తర్వాత వేరేవాళ్ల దగ్గర సరుకు కొంటున్నాను; ఎవరి సరుకు మీద ఫిర్యాదొచ్చినా, ముందు “ఏమైంది?” అనే అడుగుతున్నాను. దొయిమతి మాత్రం మళ్లీ నా సెంటర్ మెట్లెక్కలేదు.