దొంగ సీడీలో నా గొంతు

నిన్న మా ఇంట్లో జరిగింది వింటే మీరు నవ్వుతారు గానీ, నాకు మాత్రం ఇంకా ఒళ్ళు మండిపోతూనే ఉంది!

మా ఆవిడ పద్మకి సినిమాలంటే ప్రాణం. కొత్త సినిమా వస్తే ఇద్దరం కలిసి థియేటర్లో చూడాల్సిందే. కానీ ఆవిడ పక్కనుంటే నన్ను నోరెత్తనివ్వదు. నాకేమో తెర మీదవాళ్ళకి సలహాలివ్వకపోతే తిన్నది అరగదు. అందుకని మొన్న ఆదివారం, "ఫ్యాక్టరీలో స్టాక్ చెకింగు, రమ్మన్నారు" అని చెప్పి, నాతో పనిచేసే రావల్‌కోల్ ఊరి యాదగిరిని వెంటబెట్టుకుని మొదటి ఆటకి చెక్కేశాను.

తర్వాత మనసు పీకింది. నిన్న మేడ్చల్ బస్టాండు దగ్గర సీడీలమ్మే ఐలయ్య దగ్గర అదే సినిమా కొని ఇంటికి పట్టుకెళ్ళాను. పద్మ మొహం చిట్లించింది.

"దొంగ సీడీనా? తీసినవాళ్ళ నోట్లో మట్టి కొట్టడం కాదూ?"

"బ్లాకులో టికెట్లమ్మేవాళ్ళు మన నోట్లో కొట్టట్లేదా? మనమొక్కళ్ళం చూస్తే సినిమావాళ్ళ మేడలు కూలిపోతాయా?" అని ప్లీడరులా వాదించాను. గెలిచాను కూడా! అదే నా కొంప ముంచింది.

థియేటర్లో ఎవడో దొంగచాటుగా కెమెరా పెట్టి తీసిన ప్రింటు అది. అంతా మసక. దగ్గులు, ఈలలు, అడ్డంగా తలకాయలు. ఇంటర్వెల్‌కి ముందు హీరో విలన్ని నమ్మి తలుపు తీయబోతుంటే, మా టీవీ పగిలేలా ఒక కేక.

"ఒరేయ్ వెధవా, తీయకురా! వాడు నీతో అబద్ధం చెప్తున్నాడు!"

నా గొంతే! తెర మీద సగానికి అడ్డంగా నా తలకాయే! వెంటనే టీవీలోంచే యాదగిరి గొంతు, "మూర్తి సారూ, జర కూసోండ్రి! ఎన్కోళ్ళు తిడ్తున్రు!"

పద్మ రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పింది. మళ్ళీ విన్నది.

"స్టాక్ చెకింగు బాగా జరిగిందాండీ?" అంది. తిట్టినా బాగుండేది! "ఆదివారం మా నాన్నగారొస్తున్నారుగా, ఆయనకీ వేసి చూపిద్దాం."

మా మామగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. అబద్ధమాడాడని సొంత తమ్ముడితోనే మాటలు మానేసిన మనిషి!

ఇవాళ పొద్దున్నే ఐలయ్య మీదకి వెళ్ళాను. "ఎవర్నడిగి నా గొంతు అమ్ముకుంటున్నావయ్యా? నా పర్మిషన్ అక్కర్లేదా?"

"సినిమా తీసినోళ్ళనే అడగలె, మిమ్మల్ని అడుగుతనా సారూ?" అన్నాడు వాడు తాపీగా. "ఊకె పరేషాన్ గాకుండ్రి. శుక్రారం మంచి ప్రింటు వస్తది. అండ్ల మీ గొంతు ఉండదు."

నాకు తిక్క రేగింది! పైరసీ ఎంత అన్యాయమో, ఒకడి కష్టం ఇంకొకడు అమ్ముకోవడం ఎంత దారుణమో, ఆ బస్టాండులో నిలబడి దులిపేశాను. బస్సు కోసం ఆగినవాళ్ళంతా చుట్టూ చేరి, "సారు కరెక్టే చెప్తుండు" అని తలలూపారు. వాళ్ళ బస్సొచ్చి వాళ్ళు ఎక్కేదాకా ఆగాను.

అప్పుడు వంగి, గొంతు తగ్గించి, "ఆ మంచి ప్రింటు నాకోటి పక్కన పెట్టు ఐలయ్యా. ఆదివారం లోపు కావాలి, అచ్చం నిన్నిచ్చినలాంటి కవర్లోనే పెట్టివ్వు" అన్నాను.